ఆంధ్రా పారిస్ నుంచి వెనిస్‌కి, ఇద్దరమే

మా పెళ్లయి 34 ఏళ్లు. ఇన్నేళ్లలో మేమిద్దరమే కలిసి ఒక ఊరెళ్లింది లేదు. కొత్తలో తిరుపతి వెళ్లాం కానీ అత్తగారు, మావగారు, ఇద్దరు ఆడపడుచులు, వాళ్ల చంకపిల్లతో కలిపి. ఆ తర్వాత ఏ ప్రయాణమైనా పిల్లలూ, క్యారేజీలూ, దిగేటప్పుడు లెక్కపెట్టుకోవాల్సిన సంచులూ. అందుకే మ్యూనిక్‌లో ఉద్యోగం చేస్తున్న మావాడు "మే నెలలో ఇక్కడికి రండి, మధ్యలో మూడు రోజులు నువ్వూ నాన్నా వెనిస్ వెళ్లిరండమ్మా, గది కూడా తీసేశాను" అన్నప్పుడు సంతోషం కంటే కంగారే ఎక్కువైంది నాకు. మూడు రోజులపాటు ఈయనతో ఏం మాట్లాడాలి?

ఈయన నీటిపారుదల శాఖలో ఇంజనీరుగా చేసి రిటైరయ్యారు. మా తెనాలిలో మూడు కాలువలు పారతాయి, ఊరిని ఆంధ్రా పారిస్ అంటారు. ఇటలీలోని వెనిస్ కూడా కాలువల ఊరే. "కాలువలు చూడ్డానికి అంత దూరమెందుకే, సాయంత్రం గట్టు మీదికి పద" అని ఈయన వేళాకోళం.

వీసా సంగతి టూకీగా చెప్పేస్తాను. యూరప్‌లో చాలా దేశాలకి కలిపి షెంగెన్ వీసా ఒక్కటే అయినా, ఎక్కువ రాత్రులు ఏ దేశంలో ఉంటామో ఆ దేశానికే దరఖాస్తు పెట్టాలి. మ్యూనిక్‌లో పన్నెండు రాత్రులు, వెనిస్‌లో మూడు కాబట్టి మేం జర్మనీకి పెట్టాం. మనిషికి 90 యూరోల ఫీజు, దరఖాస్తులు తీసుకునే వీసా కేంద్రం వాళ్ల చార్జీ వేరే. కనీసం 30,000 యూరోల ప్రయాణ బీమా ఉండాలి. ఫొటో 35 ఇంటూ 45 మిల్లీమీటర్లు. నా ఫొటోలో మొహం చిన్నగా ఉందని మళ్లీ తీయించారు. కౌంటర్లో అమ్మాయి కాగితాలు తిప్పుతూ "మరి వెనిస్ ఎందుకండీ?" అనడిగింది. ఈయన నావైపు చూపించి "ఆవిడ చూస్తానంది" అన్నారు. నేనెప్పుడూ అనలేదు. కొడుకు తీసిన గదికి నేను బాధ్యురాలినయ్యాను.

మ్యూనిక్ నుంచి నేరుగా రైలుంది. బ్రెన్నర్ కనుమ మీదుగా ఆల్ప్స్ దాటి ఆరున్నర గంటలకి పైనే పడుతుంది. కొండలు చూసినంతసేపూ బాగానే ఉంది. చివర్లో బోర్డు మీద 'వెనెజియా' అని కనిపించగానే ఈయన రెండు సూట్‌కేసులూ దించేశారు, వెనకాల నేనూ దిగిపోయాను. రైలు వెళ్లిపోయాక బోర్డు పూర్తిగా చదివాం. 'వెనెజియా మెస్త్రే'. అది ఇవతలి ఒడ్డున నేల మీదున్న ఊరు. మేం దిగాల్సింది 'వెనెజియా శాంటా లూచియా'. మెస్త్రే తర్వాత రైలు 1846 నాటి పొడవాటి వంతెన మీద నీళ్లు దాటుకుని అక్కడికెళ్తుంది. ఇంకో లోకల్ రైలు పట్టుకుంటే పది నిమిషాల పని. కాగితం టిక్కెట్టయితే ఎక్కేముందు ప్లాట్‌ఫాం మీది మిషన్లో ముద్ర కొట్టించుకోవాలి. ఆ పది నిమిషాలూ మేం మాట్లాడుకోలేదు.

శాంటా లూచియాలో బయటికొస్తే నాలుగు మెట్లు, ఆటోస్టాండు ఉండాల్సిన చోట నీళ్లు. అంత పెద్ద స్టేషను ముందు ఒక్క చక్రం లేదు. ఎదురుగా ఆకుపచ్చ గుమ్మటం ఉన్న చర్చి, అడ్డంగా పోతున్న పడవలు, సాయంత్రపు ఎండ. అలవాటుకొద్దీ సంచి గట్టిగా పట్టుకుని నిలబడిపోయాను. ఈయన కాసేపు చూసి, "రివిట్‌మెంటు బాగా కట్టారు" అన్నారు. అంటే గట్టు కోసుకుపోకుండా కట్టే రాతి కట్టడం.

మావాడు ఒక ఏ4 కాగితం ప్రింటు తీసిచ్చాడు. రద్దీ రోజుల్లో పగటిపూట చూసి వెళ్లిపోయేవాళ్ల దగ్గర ఊరు ప్రవేశ రుసుము తీసుకుంటుంది. 2024లో మొదలైంది. ముందుగా కడితే 5 యూరోలు, ఆఖరి రోజుల్లో కడితే 10. రాత్రి బస చేసేవాళ్లకి రుసుము లేదు గానీ ఆ మినహాయింపు కాగితం దగ్గరుండాలి. తనిఖీ పొద్దున ఎనిమిదిన్నర నుంచి సాయంత్రం నాలుగు దాకానే. మేం దిగేసరికి ఏడు కావస్తోంది. ఆ మూడు రోజులూ ఎవరూ అడగలేదు. అంత జాగ్రత్తగా మడతపెట్టుకున్న కాగితం చూపించే అవకాశమే రాలేదని ఈయనకి ఇప్పటికీ వెలితి.

అక్కడ సిటీ బస్సంటే వాపొరెట్టో అనే పడవ. 75 నిమిషాల టిక్కెట్టు తొమ్మిదిన్నర యూరోలు, 72 గంటల పాసు 45. మూడు రోజులుండేవాళ్లు పాసే తీసుకోండి, ప్రతిసారీ ఎక్కేముందు మిషనుకి ఆనించడం మర్చిపోకండి. ఒకటో నంబరు పడవ పెద్ద కాలువ పొడవునా ప్రతి రేవులోనూ ఆగుతుంది. మేం కా దోరో రేవులో దిగాం.

అసలు కష్టం అప్పుడు మొదలైంది. వెనిస్‌లో ఇంటి నంబర్లు వీధి వారీగా ఉండవు, పేట మొత్తానికి ఒకే వరస. మా గది కన్నరెజియో పేటలో నాలుగు వేల చిల్లర నంబరు. ఒక సందులో నంబర్లు పెరుగుతూ పోతాయి, మలుపు తిరగ్గానే రెండొందలు ఎగిరిపోతాయి. ఫోన్లో నీలం చుక్క మమ్మల్ని కాలువ మధ్యలో చూపిస్తోంది. ప్రతి కాలువకీ మెట్ల వంతెన, ప్రతి మెట్టుకీ సూట్‌కేసు చక్రం టకటక. మూడో వంతెన ఎక్కి దిగాక, అది మొదటి వంతెనేనని తేలింది. ఈయన నిలబడి "ఇది సర్వే నంబర్ల పద్ధతే. సబ్‌డివిజన్ చేసినప్పుడు ఇలాగే అవుతుంది. వెనక్కి పద, గోడ వెంట పోదాం" అన్నారు. గోడ వెంటే పోయాం. దొరికింది! ముప్ఫై నాలుగేళ్లలో ఆయన ఉద్యోగం నాకు పనికొచ్చిన మొదటి సందర్భం అదే అన్నాను. నవ్వారు. మెస్త్రే అప్పటితో చెల్లయింది.

రెండో రోజు సాన్ మార్కో మైదానానికి బయల్దేరాం. గోడల మీద పసుపు బోర్డులుంటాయి, రియాల్తో వంతెనకి ఇటు, సాన్ మార్కోకి అటు అని. ఒకచోట సాన్ మార్కోకి కుడికీ ఎడమకీ రెండువైపులా బాణాలున్నాయి. ఎటెళ్లినా చేరతామట, చేరాం కూడా. అక్కడున్న గంటగోపురం 1902 జులైలో కుప్పకూలిపోతే, పదేళ్లలో అదే చోట అలాగే మళ్లీ కట్టి 1912లో తెరిచారు. కాపలాదారు పిల్లి తప్ప ఎవరూ పోలేదట. ఈయన గోపురం చుట్టూ రెండుసార్లు తిరిగొచ్చారు, ప్రదక్షిణంలాగా.

ఆకలేసి మెట్ల మీద కూర్చుని చపాతీల పొట్లం విప్పాను. మాగాయ వాసన ఇంకా గాల్లో కలవనేలేదు, చొక్కా మీద సిబ్బంది జాకెట్టు తొడుక్కున్న ఒకమ్మాయి వచ్చి నవ్వుతూనే లెమ్మంది. ఆ మైదానంలో కింద కూర్చుని తినడం నిషేధం, జరిమానా కూడా ఉంది. పావురాలకి గింజలు వేసినా అంతే. పొట్లం మూసుకుని పడవెక్కి జార్దీని రేవులో దిగాం. అక్కడ పెద్ద తోట, చెట్ల కింద బెంచీలు, ఎదురుగా ఉప్పునీటి చెరువులాంటి కయ్య. చపాతీలు అక్కడే తిన్నాం. మైదానంలో కాఫీ తాగాలనుకునేవాళ్లకి ఒక మాట: బ్యాండు వాయిస్తున్న చోట కూర్చుంటే సంగీతానికి కూడా బిల్లు పడుతుంది. సందుల్లోని కాఫీ కొట్లలో నిలబడి తాగితే ఒకటిన్నర యూరో అటూఇటూ.

ఇంక గొండోలా, అంటే తెడ్డుతో నడిపే పొడవాటి షికారు పడవ. పగలు అరగంటకి 90 యూరోలు, రాత్రి ఏడు దాటితే 35 నిమిషాలకి 110. ఇది ఊరు పెట్టిన రేటు, పడవకి, మనిషికి కాదు. ఐదుగురిదాకా ఎక్కొచ్చు. అక్కడే గొడవొచ్చింది. "ఇంకో ముగ్గుర్ని కలుపుకుంటే మనిషికి పద్దెనిమిదే" అన్నారు ఈయన. తిరుపతి గుర్తుచేశాను. ఇంకేం మాట్లాడలేదు.

నిట్టూర్పుల వంతెన కింద సూర్యాస్తమయం వేళ గొండోలాలో ముద్దు పెట్టుకుంటే ఆ ప్రేమ కలకాలం నిలుస్తుందని అక్కడ ఒక నమ్మకం. మే నెలలో పొద్దుకుంకేది ఎనిమిదిన్నర దాటాక, అంటే 110 యూరోల టైములో. మేం ఆరున్నరకే ఎక్కాం. ఎండ నెత్తిమీద లేదన్నమాటే గానీ, అస్తమయానికి ఇంకా రెండు గంటలుంది. ప్రేమకి 20 యూరోల రాయితీ.

ఎర్ర మెత్తల సీటులో ఇద్దరం పక్కపక్కనే. అంత దగ్గరగా కూర్చుని ఎన్నాళ్లయిందో, మోచెయ్యి ఎక్కడ పెట్టుకోవాలో తెలీలేదు. ఈయనేమో వెనక్కి తిరిగి పడవవాడి తెడ్డునే చూస్తున్నారు. ఒకటే తెడ్డు, అదీ కుడివైపునే. అలాంటప్పుడు పడవ గుండ్రంగా తిరిగిపోవాలి కదా? తిరక్కుండా పడవ ఎడమ సగాన్ని కుడి సగం కంటే 24 సెంటీమీటర్లు వెడల్పుగా చేస్తారట. ఆ పడవవాడు వచ్చీరాని ఇంగ్లీషులో చెబుతుంటే ఈయన మొహం వెలిగిపోయింది. సందు మలుపుల దగ్గర అతను "ఓయే" అని కేకేస్తే అచ్చం మన రేవు కేకలాగే ఉంది.

వంతెన వచ్చింది. తెల్లరాయి, మూసిన గోడలు, జల్లెడలాంటి చిన్న కిటికీలు. 1600 ప్రాంతంలో కట్టింది. రాజభవనం నుంచి జైలుకి ఖైదీలను అటునుంచే తీసుకెళ్లేవాళ్లు. ముందు పడవలో కుర్ర జంట ముద్దు పెట్టుకుంటే పక్క వంతెన మీది జనం చప్పట్లు కొట్టారు. తర్వాత మా వంతు. "జైలుకి తీసుకెళ్లే వంతెన కింద ఏమిటే ఇది" అని గొణిగి, నా ఒళ్లోని చేతిసంచి తీసి తన ఒళ్లో పెట్టుకున్నారు. ఒళ్లో సంచి లేకపోతే నా చేతులకి పనిలేకుండా పోయింది. వంతెన దాటేదాకా ఆయన చెయ్యి పట్టుకున్నాను. జనం చప్పట్లేం కొట్టలేదు.

ఆ రాత్రి కాలువ గట్టున కూర్చుని గోడల మీది నాచు చార చూపించి ఈయన అందుకున్నారు. 1966 నవంబరు 4న నీళ్లు 194 సెంటీమీటర్లు లేచాయి, 2019 నవంబరులో 187. ఇప్పుడు సముద్రం లోపలికొచ్చే మూడు మొగల దగ్గర అడుగున పడుకోబెట్టిన 78 గేట్లున్నాయి. పోటొచ్చినప్పుడు గాలి కొట్టి వాటిని లేపుతారు. 2020 అక్టోబరులో నిజం పోటుని ఆపడానికి మొదటిసారి లేపారు. "ప్రకాశం బ్యారేజీకి 70" అన్నాను. ఉలిక్కిపడి నావైపు చూశారు. "నీకెలా తెలుసు?" ముప్ఫై నాలుగేళ్లుగా అన్నం తింటూ ఆయన చెప్పిందే కదా. ఏం మాట్లాడాలో అని బెంగపెట్టుకున్న మనిషిని, ఆ రాత్రి పన్నెండింటిదాకా బ్యారేజీ గేట్ల గురించే మాట్లాడాను.

ఆఖరి పొద్దున శాంటా సోఫియా రేవుకెళ్లాం. పెద్ద కాలువకి అవతలి ఒడ్డున చేపల బజారు. అటు దాటించడానికి ట్రగెట్టో అనే పడవ ఉంది. పాత గొండోలాలాంటిదే, సోకులుండవు, ముందొకరు వెనకొకరు తెడ్డు వేస్తారు. మనిషికి 2 యూరోలు, చిల్లర చేతికే ఇవ్వాలి. ఊళ్లోవాళ్లు కూరగాయల సంచులతో నిలబడే దాటుతున్నారు. మేమూ నిలబడ్డాం. పక్కనుంచి వాపొరెట్టో పోయి అల కొట్టేసరికి పడవ ఊగింది. నేను ఈయన చొక్కా పట్టుకున్నాను, ఈయన నా భుజం పట్టుకున్నారు. ఎవరు ఎవర్ని ఆపారో చెప్పలేను. రెండు నిమిషాల్లో అవతలి ఒడ్డు.

దిగాక ఈయన బజారు వైపు నడవలేదు. జేబులో చిల్లర లెక్కపెట్టుకుంటున్నారు.

"ఏంటండీ?"

"నాలుగు యూరోలున్నాయి. ఇంకోసారి దాటొద్దామా?"