సిడ్నీలో చిల్లు డాలరు దారిలో

సర్క్యులర్ కీ రేవు నుంచి బ్రిడ్జ్ స్ట్రీట్‌కు నడిచి వస్తే, ఫిలిప్ స్ట్రీట్ మూలన మ్యూజియం ఆఫ్ సిడ్నీ కనిపిస్తుంది. న్యూ సౌత్ వేల్స్ గవర్నర్ల మొదటి నివాసం పునాదులు ఇక్కడే ఉన్నాయి. ఆ బ్రిటిష్ వలసకు చిల్లు డాలరు అనే సొంత నాణెం ఎలా వచ్చిందో తెలుసుకోవాలంటే నడక ఇక్కడి నుంచే మొదలుపెట్టాలి.

అంతకుముందు ఏ దేశపు నాణెం చేతికొస్తే అదే చెల్లేది. 1800లో గవర్నర్ కింగ్ ప్రకటించిన మారకపు పట్టీలో మన వరహా విలువ 8 షిల్లింగులు, రూపాయిది రెండున్నర షిల్లింగులు. అంత దూరపు రేవులో వరహా చెల్లిందని తలుచుకుంటే ఒళ్లు పులకరించింది.

పట్టీ వేసినంత మాత్రాన చిల్లర పుట్టదు. బ్రిటిష్ ప్రభుత్వం 10,000 పౌండ్ల విలువైన 40,000 స్పానిష్ వెండి డాలర్లు మంజూరు చేసింది. 1812 నవంబరులో సమరాంగ్ నౌక వాటిని మద్రాసు నుంచి తెచ్చింది. అసలు చిక్కు ఆ తర్వాతే వచ్చింది. ఓడల వాళ్లు సరుకు అమ్ముకుని వెండి పట్టుకుపోతే వలస మళ్లీ వట్టిపోతుంది. గవర్నర్ మక్వారీ దీనికి కనిపెట్టిన ఉపాయం నాణేనికి చిల్లు పెట్టడం.

దొంగ నాణేల నేరానికి శిక్షపడి వచ్చిన విలియం హెన్షాల్‌కు ఆ పని అప్పగించారు. డాలరు నడిమి బిళ్లను ముందుగా పోటుతో ఊడగొట్టాలి. మిగిలిన కడియం మీద చిల్లు చుట్టూ ఒకవైపు న్యూ సౌత్ వేల్స్ 1813 అనీ, రెండోవైపు ఐదు షిల్లింగులనీ ముద్ర వేయాలి. ఊడిన బిళ్లను కిరీటం ముద్రతో 15 పెన్నీల నాణెంగా కొట్టాలి. డాలర్లు వేర్వేరు టంకశాలల్లో, వేర్వేరు ఏళ్లలో తయారైనవి. దెబ్బ బలం చాలకపోతే బిళ్ల మీది పాత స్పానిష్ గీతలు పూర్తిగా అణగవు. మిగిలిన బిళ్లల్లో కొన్నిటి మీద అవి ఇప్పటికీ మసగ్గా కనిపిస్తాయి. చూసేటప్పుడు కిరీటం వెనక వెతకండి.

షిల్లింగుకు 12 పెన్నీలు, లెక్క చూస్తే ఉపాయం బోధపడుతుంది. ఐదు షిల్లింగుల డాలరు రెండు ముక్కలై 6 షిల్లింగుల 3 పెన్నీలయింది, అంటే విలువ పాతిక శాతం పెరిగింది. బయటి రేవుల్లో మాత్రం వెండి తూకమే లెక్క, పట్టుకుపోతే నష్టమే. దానికి తోడు నాణేలను తీసుకుపోబోమని ఓడల కెప్టెన్ల చేత పూచీ రాయించుకున్నారు. 1814 నుంచి ఇవి చేతులు మారాయి, 1829లో చెల్లకుండా పోయాయి. నా దృష్టిలో ఇందులో నిధి కన్నా దాన్ని నిలబెట్టిన తీరే గొప్పది.

బ్రిడ్జ్ స్ట్రీట్ కొసన కుడికి తిరిగితే మక్వారీ స్ట్రీట్. ఎడమ పక్కన వచ్చే స్టేట్ లైబ్రరీ సేకరణలో చిల్లు డాలర్లున్నాయి. అన్నివేళలా ప్రదర్శనలో పెట్టరు, ముందే అడగండి. ఇంకాస్త ముందుకెళ్తే పార్లమెంటు, ఆసుపత్రి, ఆపైన పాత టంకశాల. అది మక్వారీ కట్టించిన ఆసుపత్రి దక్షిణ భాగం. ఖజానాలో డబ్బు లేక గుత్తేదారులకు కూలి బదులు 45,000 గ్యాలన్ల రమ్ము దిగుమతి హక్కు ఇచ్చి కట్టించారు. అదే గోడల మధ్య 1855లో, బ్రిటన్ వెలుపల రాయల్ మింట్ (బ్రిటిష్ ప్రభుత్వ టంకశాల) తొలి శాఖ సావరిన్లనే బంగారు నాణేలు కొట్టడం మొదలుపెట్టింది. ఆ ఖర్చు వలస ప్రభుత్వమే భరించింది.