సన్నని గొట్టంలో నీటిని నిలబెట్టేది ఎక్కడ?

కేశనాళికీయత (సన్నని గొట్టాల్లో ద్రవం తనంతట తానే పైకి లేవడం లేదా కిందికి దిగడం) గురించి చదివిన వారందరికీ గుర్తుండే మాట ఒకటే: గొట్టం ఎంత సన్ననిదైతే నీరు అంత ఎత్తుకు ఎగబాకుతుంది. అది నిజమే. శుభ్రమైన గాజు గొట్టం లోపలి వ్యాసార్ధం 1 మిల్లీమీటరు అయితే నీరు సుమారు 15 మిల్లీమీటర్లు లేస్తుంది, అందులో పదో వంతు అయితే సుమారు 15 సెంటీమీటర్లు లేస్తుంది. అయితే ఆ వ్యాసార్ధాన్ని గొట్టంలో ఏ చోట కొలవాలన్నదే అసలు ప్రశ్న అని నా అభిప్రాయం.

గాజు నీటి అణువులను ఆకర్షించడం వల్ల నీరు గోడ వెంట కాస్త పైకి పాకి, పైతలం మధ్యలో పల్లంగా వంగుతుంది. తలతన్యత (ద్రవం పైతలం సాగదీసిన పొరలా బిగుసుకుని ఉండే గుణం) కారణంగా ఆ వంపు కింద పీడనం బయటి గాలి పీడనం కన్నా తగ్గుతుంది; ఆ లోటుకు నీటి స్తంభం బరువు సరితూగే దాకా నీరు లేస్తుంది. పాదరసం గాజును తడపదు కాబట్టి దాని తలం పైకి ఉబ్బి, మట్టం కిందికి దిగుతుంది. ఏ విధంగా చూసినా బలమంతా ఆ వంపులోనే ఉంది.

1718లో ఇంగ్లండు శాస్త్రవేత్త జేమ్స్ జూరిన్ చూపినది ఇదే: ద్రవం ఎంత ఎత్తున నిలుస్తుందో నిర్ణయించేది దాని పైతలం ఉన్న చోట గొట్టం వెడల్పు మాత్రమే, కింది భాగం ఎంత వెడల్పున్నా సరే. 15 సెంటీమీటర్లు లేపగల గొట్టాన్ని 5 సెంటీమీటర్ల దగ్గర కోసేస్తే నీరు పైనుంచి పొంగిపోతుందని చాలామంది అనుకుంటారు. పొంగదు. అంచుకు చేరిన తలం, 5 సెంటీమీటర్ల నీటిని మోయడానికి ఎంత వంపు కావాలో అంతే ఉంచుకుని, మిగతా మేరకు చదునుగా మారి అక్కడే ఆగుతుంది.

అద్దుడు కాగితం, ఇటుక వంటి వాటిలో రంధ్రాలు అడ్డదిడ్డంగా ఉన్నా లెక్క మారదు, వేగం మాత్రం వేరే సంగతి. బరువు ప్రభావం తక్కువగా ఉన్నంత వరకు, రెట్టింపు దూరం తడవడానికి నాలుగు రెట్ల కాలం పడుతుందని 1921లో అమెరికా రసాయన శాస్త్రవేత్త వాష్‌బర్న్ చూపాడు. సన్నని దారి ఎక్కువ ఎత్తుకు లేపగలదు గాని, ద్రవపు స్నిగ్ధత (పారడానికి అడ్డుపడే చిక్కదనం) వల్ల నెమ్మదిగా లేపుతుంది.

నన్ను అన్నిటికన్నా ఆకట్టుకునేవి చెట్లు. 20 మైక్రోమీటర్ల వ్యాసార్ధం గల దారునాళం (చెట్టులో నీటిని వేళ్ల నుంచి పైకి చేర్చే సన్నని గొట్టం) తనంతట తాను నీటిని ముప్పావు మీటరు వరకే లేపగలదు, అయినా 100 మీటర్లు దాటిన వృక్షాలున్నాయి. నీటికి, గాలికి మధ్య సరిహద్దు ఆ నాళాల్లో లేదు. ఆకుల కణకవచాల్లోని నానోమీటర్ల రంధ్రాల్లో ఉంది. ఆవిరైపోయిన నీటి చోటు నింపడానికి ఆ సూక్ష్మ వంపులు లాగే లాగుడు, తెగని నీటి స్తంభం గుండా వేళ్ల దాకా అందుతుంది. ఏదైనా నాళంలో గాలి బుడగ చొరబడి పెరిగితే స్తంభం తెగి, ఆ నాళం పనిచేయడం మానేస్తుంది. ఆ బుడగ పక్క నాళంలోకి పాకకుండా అడ్డుకునేది కూడా నాళాల మధ్య పొరల్లోని సన్నని రంధ్రాల్లో ఏర్పడే అటువంటి వంపే.