పాపతో పీజీ
పీజీ రెండో సెమిస్టర్‌లో ఉండగా పాప పుట్టింది. గాజువాక నుంచి మద్దిలపాలెం వైపు బస్సులో, ఈ వైజాగ్ ఉక్కపోతలో, ఏడో నెల దాకా కాలేజీకి వెళ్ళాను. అదంతా ఓర్చుకోవచ్చు. అసలు టెన్షన్ హాజరు గురించే.

75 శాతం లేకపోతే హాల్ టికెట్ ఇవ్వం అన్నారు. యూజీ, పీజీ విద్యార్థినులకు ప్రసూతి సెలవు, హాజరులో సడలింపు, పరీక్ష ఫారాల గడువు పొడిగింపు ఇచ్చేలా నియమాలు రాసుకోమని యూనివర్సిటీలకు నియమాలు పెట్టే కేంద్ర సంస్థ యూజీసీ 2021 డిసెంబరులోనే వాటికి చెప్పింది. పీహెచ్‌డీ వాళ్ళకైతే 2016 నియమాల్లోనే 240 రోజుల దాకా సెలవు ఉంది. ఆ యూజీసీ కాగితం పట్టుకెళ్తే ఆఫీసులో, "మాకేం రాలేదమ్మా, ఇంటర్నల్స్ మాత్రం మిస్సవకు" అన్నారు. పచ్చి బాలింతకి చెప్పే మాటేనా అది!

నన్ను గట్టెక్కించింది మా డిపార్ట్‌మెంట్ మేడమ్. ఇంటర్నల్ తేదీ మార్చారు, స్టోర్ రూమ్ తాళం నా చేతికిచ్చారు. మధ్యాహ్నం అమ్మ పాపను తెచ్చేది, అక్కడే పాలిచ్చేదాన్ని. అంతకుముందు బాత్రూమే గతి. ఒక కుర్చీ, లోపలి గడియ ఉన్న గది ఇవ్వడానికి ఏ కాలేజీకైనా ఖర్చేముంది? కానీ ఆవిడ బదిలీ అయితే నా తర్వాత వచ్చే అమ్మాయికి ఆ తాళం ఎవరిస్తారు?

ఇంటర్ చదివే పిల్లల సంగతి ఇంకా కష్టం. పొట్ట కనిపించగానే "ఓపెన్ స్కూల్లో కట్టుకో" అని పంపేస్తారు. ఓపెన్ స్కూల్ మంచిదే, ఆ పిల్ల తనంతట తాను కోరుకుంటే.

మీ కాలేజీలో ఈ సెలవు నియమం రాతపూర్వకంగా ఉంటే ఒక ఫొటో తీసి పంపండి. మా ప్రిన్సిపాల్ గారికి చూపించాలి.