ఎర్రముక్కపల్లిలో బ్రౌన్ బంగళా కోసం

కడపలో ఆటో ఎక్కి "బ్రౌన్ లైబ్రరీ" అంటే చాలు, ఎర్రముక్కపల్లిలో సి.పి. బ్రౌన్ భాషా పరిశోధన కేంద్రం ముందు దింపుతారు. నేను వెళ్ళింది మాత్రం ఆ భవనం కట్టకముందు అదే నేల మీద ఉన్న ఇంటి కోసం. బ్రౌన్ దొర బంగళా ఎంత మేర ఉండేది, తోట ఎక్కడిదాకా సాగేది, తాటాకు కట్టలు చంకన పెట్టుకుని పండితులు ఏ దారిన వచ్చేవాళ్ళు, ఇవన్నీ తెలుసుకోవాలని చాలాకాలంగా నాకు కోరిక.

చార్లెస్ ఫిలిప్ బ్రౌన్ 1820లో ఉద్యోగం మీద కడప వచ్చారు. తర్వాత బందరు, రాజమండ్రి తిరిగి మళ్ళీ కడపకే వచ్చి, ఇక్కడ తోటతో సహా పెద్ద బంగళా కొన్నారు. తోట పదిహేను ఎకరాలని చెబుతారు. అందులో తన సొంత డబ్బుతో పండితులనీ లేఖకులనీ పెట్టుకుని, అయోధ్యాపురం కృష్ణారెడ్డిని వాళ్ళకు పెద్దగా ఉంచి, ఒకే కావ్యానికి దొరికినన్ని ప్రతులు తెప్పించి, ఒకదానితో ఒకటి పోల్చి చూసి, తప్పులు దిద్ది, శుద్ధప్రతులు రాయించారు. 1829లో అచ్చయిన వేమన పద్యాలు, 1852లో వచ్చిన తెలుగు-ఇంగ్లీషు నిఘంటువు మనకు తెలుసు, కానీ ఆ పనంతా ఏదో ఒక వసారాలో, ఏదో ఒక చెట్టు నీడన మనుషులు కూర్చుని చేసిందే కదా, ఆ చోటు ఎక్కడో తెలియకపోతే నాకు మనసు ఒప్పలేదు.

బయల్దేరే ముందు పాత మ్యాపులు ముందేసుకుని కూర్చున్నాను. వెతికేటప్పుడు Cuddapah అనే పాత ఇంగ్లీషు స్పెల్లింగుతోనే వెతకాలి, 2005కి ముందు మ్యాపుల్లో కడప అలాగే ఉంటుంది. సర్వే ఆఫ్ ఇండియా పాత షీట్లలో ఊరు 57 జె/15లో పడుతుంది. అంగుళానికి మైలు లెక్కన గీసిన షీటు అది. ఆ కొలతలో పదిహేను ఎకరాల తోట అంటే అటూ ఇటూ నాలుగేసి మిల్లీమీటర్ల చదరం, అంతే. బంగళా అయితే చుక్క కూడా కాదు. ఇంకా వెనక్కి పోదామంటే, బ్రౌన్ రాకముందే కంపెనీ సర్వేయరు కర్నల్ మెకంజీ దత్త మండలాలను (ఇప్పటి రాయలసీమ, బళ్ళారి ప్రాంతం) సర్వే చేయించారు గానీ, జిల్లా మొత్తాన్ని ఒక కాగితం మీదికి తెచ్చే పటంలో ఒక్కో ఇంటిని చూపించడం కుదిరే పని కాదు.

అయినా మ్యాపు వృథా పోలేదు. కదలనివి ఏవో ముందు పట్టుకున్నాను: దక్షిణాన పాలకొండలు, ఊరి మధ్య నుంచి పెన్న వైపు పోయే బుగ్గవంక, దేవుని కడప గుడి, పెద్ద దర్గా. ఆ తర్వాత రైలు పట్టాలను మనసులోనే చెరిపేశాను, ఎందుకంటే మద్రాసు నుంచి రాయచూరు వైపు ఆ లైను వేసింది 1860లలో, బ్రౌన్ అప్పటికే ఇంగ్లండు చేరిపోయారు. స్టేషను చుట్టూ పెరిగిన పేటలు, స్టేషనుకు పోయే రోడ్లు కూడా తీసేస్తే మిగిలే కడప చాలా చిన్నది. ఎర్రముక్కపల్లి ఊరికి ఎడంగా ఉన్న పల్లె. అలాంటి చోట తోట కొనుక్కున్నారంటే నాకు సబబుగానే తోచింది.

పరిశోధన కేంద్రం దగ్గర దిగి లోపల తాళపత్రాలు చూసి (మెకంజీ రాయించిన ఊళ్ళ చరిత్రలను, అంటే కైఫీయత్తులను, పుస్తకాలుగా వేసిందీ ఈ కేంద్రమే) బయటికొచ్చి చుట్టుపక్కల వీధుల్లో పెద్దవాళ్ళను అడగడం మొదలుపెట్టాను. అరుగు మీద కూర్చున్న ఒక పెద్దాయన నన్ను పక్కన కూర్చోమని, "మా సిన్నప్పుడు ఇదంతా కంపచెట్లే నాయనా. మొండిగోడలు ఉన్న్యాయి. ఆ పక్కకు పోతే మా అమ్మ కొట్టేది, పాములు తిరుగుతాంటాయని" అన్నాడు. గోడలు ఎంత మందం అని అడిగితే మాటతో చెప్పలేదు, రెండు చేతులూ ఎడంగా చాపి చూపించాడు. బంగళా వాకిలి తూర్పుకు ఉండేదని ఆయన అంటే, లోపలి నుంచి వచ్చిన వాళ్ళ అక్క "కాదబ్బా, ఉత్తరానికి" అంది. ఇద్దరూ చాలాసేపు వాదించుకున్నారు. నేను ఇద్దరి మాటా రాసుకున్నాను, ఎవరిది సరైందో తేల్చే పటం నా దగ్గర లేదు మరి.

ఇక్కడే జానమద్ది హనుమచ్ఛాస్త్రి గారిని తలుచుకోవాలి. ఆ మొండిగోడలు పూర్తిగా పోకముందే పట్టుబట్టి, బ్రౌన్ ఉన్నచోటే ఆయన పేరుతో గ్రంథాలయం రావాలని ఊరూరా తిరిగి చందాలు పోగుచేసినవారాయన. 1987లో శంకుస్థాపన జరిగింది. ఇంకో ఇరవై ఏళ్ళు ఆలస్యమై ఉంటే ఆ నేల ప్లాట్లు పడి, ఇళ్ళు లేచి, ఈ అక్కాతమ్ముళ్ళ వాదన తప్ప ఇంకేమీ మిగిలేది కాదని నా గట్టి నమ్మకం.

కేంద్రం ఆవరణలో పాత బంగళా హద్దులు చూపించే ప్లాను ఒకటి గీసి పెడితే బాగుంటుంది. దానికి మనుషుల జ్ఞాపకాలే ఆధారం, వాళ్ళు ఉండగానే అడగాలి. మీ బంధువులెవరైనా ఎర్రముక్కపల్లిలో పాతకాపులైతే, 1980కి ముందు అక్కడ తీసిన పెళ్ళి ఫొటో అయినా సరే, వెనక ఒక పాతగోడ కనిపిస్తుంటే, దాన్ని స్కాన్ చేయించి కేంద్రానికి ఇవ్వండి, ఎవరు తీశారో, కెమెరా ఏ దిక్కుకు ఉందో కూడా వెనకాల రాసి.