పాముకి రెండు పుట్టలు

మా వాడి పోరు పడలేక అక్టోబరులో బాల్ పైథాన్ అనే చిన్నరకం కొండచిలువ పిల్లని ఇంటికి తెచ్చాం. మేముండేది మిషిగన్‌లో. సంగతి వినగానే తెనాలి నుంచి అమ్మ, "నాగుల చవితికి పుట్ట దగ్గరికెళ్లి దణ్ణం పెట్టుకుంటాం గానీ, పాముని ఇంటికి తెచ్చుకుంటారటే ఎవరైనా?" అంది. విషం లేనిదమ్మా, భయమేస్తే ముద్దలా చుట్టుకుని తల లోపల దాచుకుంటుంది, అంతే అన్నాను. నమ్మలేదు.

షాపువాళ్లు చెప్పినవన్నీ కొన్నాం. 40 గ్యాలన్ల గాజు ట్యాంకు, అడుగున అంటించే హీట్ మ్యాట్, గాజుకి అతికించే గుండ్రటి థర్మామీటరు, చూడముచ్చటగా ఉందని రెండువైపులా తెరిచి ఉన్న పెద్ద దుంగ. దుంగని మ్యాట్ ఉన్న వైపు పెట్టాం. పాము దాని ఛాయలకే పోలేదు. నీళ్ల గిన్నెకీ గాజుకీ మధ్య సందులో దూరి కూర్చుంది. మూడు వారాలు ఎలుకని ముట్టుకోలేదు.

"అమ్మా, అది దాక్కోవట్లేదు, ఇరుక్కుంటోంది" అన్నాడు మా వాడు.

దోసెల పెనం వేడి చూడ్డానికి మా వారు కొన్న ఇన్‌ఫ్రారెడ్ గన్ ఒకటుంది. దుంగ పక్కకి తీసి గురిపెడితే గాజు నేల 118 డిగ్రీల ఫారన్‌హీట్! గోడకున్న థర్మామీటరేమో హాయిగా 80 చూపిస్తోంది. అటు చివర 70. ఈ పాముకి వెచ్చటి వైపు 90కి అటూ ఇటూ, చల్లటి వైపు 78 దాకా కావాలి. ఇక్కడ ఒక పక్క ఒళ్లు కాలుతుంది, ఇంకో పక్క తిన్నది అరగదు.

వేడి హద్దు దాటకుండా చూసే థర్మోస్టాట్ లేకుండా మ్యాట్ పెట్టడం నా బుద్ధితక్కువ. తీరా కొన్నాక, వేడిని పసిగట్టే దాని ప్రోబ్‌ని ట్యాంకు లోపల పెట్టాను. మర్నాడు పొద్దున చూస్తే అది నీళ్ల గిన్నె పక్కన పడుంది, మ్యాట్ ఆగకుండా కాగుతోంది! ఈసారి ప్రోబ్‌ని మ్యాట్‌కీ గాజుకీ మధ్య టేపేసి బిగించి, లోపలి నేల 90కి వచ్చేదాకా అంకెని కొద్దికొద్దిగా పెంచాను. అడుగున పరిచిన మూడంగుళాల కొబ్బరిపొట్టు వేడిని పైకి రానివ్వదు, మ్యాట్ ఉన్న చోట మటుకు పలచగా లాగేశాను. మ్యాట్ గాలిని వెచ్చబెట్టదు కాబట్టి మా చలికి పైన సిరామిక్ బల్బూ తప్పలేదు. దానికి పింగాణీ హోల్డరు, ఇంకో థర్మోస్టాట్. వెలుతురివ్వదు గనక రాత్రంతా వెలిగినా... వెలగడమేముంది, వేడెక్కినా పాముకి ఇబ్బంది లేదు.

ఇక గూళ్లు. పశ్చిమాఫ్రికాలో ఈ పాములుండేది ఎలుక బొరియల్లో, చెదపుట్టల్లో. ఒంటికి నాలుగు పక్కలా ఏదో ఒకటి తగులుతుంటేనే వాటికి ధైర్యం. మా దుంగ దానికి నడిబజారు. అందుకని చుట్టచుట్టుకుంటే సరిగ్గా పట్టేంత నల్ల ప్లాస్టిక్ గిన్నెలు రెండు తెచ్చి, అంచున సోల్డరింగ్ ఐరన్‌తో ద్వారం కోసి, గీరుకోకుండా శాండ్‌పేపరుతో రుద్ది బోర్లించాం. వెచ్చటి వైపొకటి, చల్లటి వైపొకటి. ఒక్కటే పెడితే పాము వెచ్చదనం వదులుకునైనా గూడే ఎంచుకుంటుంది, ఆ వారాలన్నీ నీళ్ల గిన్నె వెనక చేసిందదే.

ఆ రాత్రే దూరింది. ద్వారంలోంచి నాలుక మాత్రం బయటికీ లోపలికీ ఆడుతోంది. ఎనిమిదో రోజు ఎలుకని లాక్కుపోయింది.

ఈమధ్య అమ్మ ఫోన్ చేస్తే, "ఇవాళ ఏ పుట్టలో ఉందే?" అని అడుగుతోంది. తిన్నాక రెండ్రోజులు వెచ్చటి దాంట్లో, తర్వాత ఎక్కువగా చల్లటి దాంట్లో.