జంటగా వచ్చిన మిరియం, గవ్వ: నా అనుభవం

నిరుడు వానాకాలంలో నేను పెంచుకోవాలనుకున్నది ఒక్క పిల్లినే. మేము విశాఖపట్నం ఎం.వి.పి. కాలనీలో నాలుగో అంతస్తులో అద్దెకు ఉంటున్నాము. వీధి జంతువులను చేరదీసి, వైద్యం చేయించి, మంచి ఇల్లు చూసి అప్పగించే పెద్దావిడ ఒకరు గాజువాకలో ఉన్నారని, ఆవిడ దగ్గర మిరియం అనే ఏడాదిన్నర వయసున్న నల్లని గండుపిల్లి ఉందని తెలిసి ఒక ఆదివారం వెళ్ళాను. ఆవిడ మిరియాన్ని నా ఒడిలో పెట్టి, బీరువా పక్కన నక్కి ఉన్న చారల పిల్లిని కూడా చూపించారు. "అది దీని చెల్లెలు గవ్వ, ఒకే ఈత పిల్లలు. ఇస్తే రెండిటినీ ఇస్తానమ్మా, విడదీసి ఇవ్వను" అన్నారు.

గవ్వకు ఎడమ కన్ను లేదు. పిల్లుల్లో జలుబులా మొదలై కంట్లో పుండ్లు చేసే హెర్పిస్ వైరస్ కూనగా ఉన్నప్పుడే సోకడంతో, ఆ కన్ను తీసివేయవలసి వచ్చిందట. నేను అక్కడ ఉన్న గంటసేపూ గమనించాను: అది లేచి నడిచిన ప్రతిసారీ చూపు లేని వైపును అన్న డొక్కకు ఆనించే నడిచింది. తిండి గిన్నె పెడితే, మిరియం కాస్త తిని తల పక్కకు జరిపే వరకు మూతి ముందుకు చాచలేదు. అంతకు ముందు ఒక కుటుంబం మిరియాన్ని మాత్రమే తీసుకువెళ్ళగా, గవ్వ తిండి మానేసిందని మూడో రోజునే ఆవిడ వెళ్ళి దాన్ని వెనక్కు తెచ్చుకున్నారు. పిల్లి వరుసగా కొన్ని రోజులు ఏమీ తినకపోతే ఒంట్లోని కొవ్వు కాలేయానికి చేరి పేరుకుపోయి ప్రాణం మీదికి వస్తుందని నాకు ఆవిడ చెబితేనే తెలిసింది. ఆ షరతు ఎంత న్యాయమైనదో అర్థమైంది గాని, రెండు పిల్లులంటే ఇంట్లో ఒప్పించాలి. "ఒకటైతే సాలదేటమ్మా?" అని అత్తయ్య అడిగారు. గవ్వ సంగతి విన్నాక మరి అడ్డు చెప్పలేదు.

ఇంటి ఓనరు గారు పిల్లి శకునం మాట ఎత్తారు. వాటిని గడప దాటనివ్వనని నచ్చజెప్పి, అనుమతి పత్రం మీద సంతకం పెట్టించుకోవడానికి రెండు వారాలు పట్టింది. తర్వాత గాజువాక ఆవిడ స్వయంగా మా ఇల్లు చూడడానికి వచ్చారు. పావురాల కోసం కట్టించిన నైలాన్ వల ఉంది కదా అని నేను నిశ్చింతగా ఉన్నాను. ఆవిడ బాల్కనీలో నేల మీద కూర్చుని వలను మూలమూలా లాగి చూశారు. కింది మూలన, బట్టలు ఉతికిన నీళ్ళు పోయే గొట్టం పక్కన, ఆవిడ పిడికిలి దూరేంత సందు కనిపించింది. "పిల్లి తల పట్టిన సందులో ఒళ్ళూ పడుతుంది" అని చెప్పి, ఇనుప మెష్ బిగించి ఫొటో పంపేదాకా పిల్లులను ఇవ్వనన్నారు. ఆ రోజు కొంచెం నొచ్చుకున్నాను. ఇప్పుడు ఎవరైనా అడిగితే మొదట ఆ మూల సంగతే చెబుతాను.

కాగితాల పని తేలికగానే అయిపోయింది. రెండిటికీ పిల్లలు పుట్టకుండా ఆపరేషన్, మూడు వ్యాధులకు కలిపి వేసే టీకా, రేబిస్ టీకా అప్పటికే అయ్యాయి. పెంచలేని పరిస్థితి వస్తే వేరొకరికి ఇవ్వకుండా ఆవిడకే తిరిగి అప్పగించాలన్నది ఒప్పందంలోని ముఖ్యమైన మాట.

ఒకే బుట్టలో కూర్చోబెట్టి ఆటోలో తీసుకువస్తుంటే, ఎన్.ఏ.డి. కూడలి హారన్ల మోతకు గవ్వ అన్న కడుపు కిందికి దూరిపోయింది. ఇంటికి వచ్చాక నేను ఒక పొరపాటు చేశాను. మిరియం సాయంత్రానికే హాలులోకి వచ్చి తిరుగుతుంటే, మంచం కింద ముడుచుకున్న గవ్వకు ప్రశాంతంగా ఉంటుందనుకుని పడకగది తలుపు మూసివేశాను. మర్నాడు రాత్రికి కూడా గిన్నెలోని ఉడికించిన చేప ముక్కలు పెట్టినవి పెట్టినట్టే ఉన్నాయి. భయంతో ఫోన్ చేస్తే ఆవిడ ఒక్క మాటే అడిగారు: "మిరియం ఎక్కడుందమ్మా?"

తలుపు తీశాను. మిరియం మంచం కిందికి వెళ్ళి గవ్వ నుదుటిని, కన్ను లేని చోట కుట్ల గుర్తు మీదుగా, చాలాసేపు నాకింది. తర్వాత గిన్నె దగ్గరకు వచ్చి రెండు ముక్కలు తిని తల పక్కకు జరిపింది. చీకట్లో గవ్వ నమిలే చప్పుడు విని నేను నేల మీదే కూర్చుండిపోయాను.

ఆ తర్వాత మూడు వారాలు రెండిటినీ ఆ ఒక్క గదిలోనే ఉంచి, మలమూత్రాలకు ఇసుక ట్రేలు మూడు పెట్టి, హాలును నెమ్మదిగా అలవాటు చేశాము. ఇప్పుడు ఏ ఒక్కదానికి ఒంట్లో బాగా లేకపోయినా రెండిటినీ ఆసుపత్రికి తీసుకువెళతాను. పిల్లులు తోటి పిల్లిని ప్రధానంగా వాసనతోనే గుర్తుపడతాయి కాబట్టి, ఒకటే మందుల వాసనతో తిరిగి వస్తే రెండోది దాన్ని పరాయిదనుకుని బుసకొట్టవచ్చు. మొన్న మిరియం చెవి చూపించడానికి వెళ్ళినప్పుడు కూడా గవ్వ బుట్టలో పక్కనే ఉంది, ఎడమ చెంప అన్న భుజానికి ఆనించుకుని.