హ్యారో: సరిహద్దు మారని బరో

వాయవ్య లండన్‌లోని బరో (స్థానిక పాలనా విభాగం) హ్యారోకి 1880లో మెట్రోపాలిటన్ రైలు వచ్చింది. ఆ తర్వాత పొలాలు ప్లాట్లయ్యాయి. 1934లో హ్యారో, వీల్డ్‌స్టోన్ పట్టణ జిల్లాలనీ, పిన్నర్, స్టాన్‌మోర్ ఉన్న హెండన్ గ్రామీణ జిల్లానీ కలిపి ఒకే జిల్లా చేశారు. 1954లో అది మునిసిపల్ బరో అయింది. 1965లో లండన్ బరోలను ఏర్పరిచినప్పుడు మిగతావన్నీ ఒకటి కంటే ఎక్కువ ప్రాంతాల కలయికతో పుట్టాయి. హ్యారో ఒక్కటే పాత హద్దులతోనే నిలిచింది. నాకు ఎంతో ఇష్టమైన విషయమిది.

ఇప్పుడు 22 వార్డులు, 55 మంది కౌన్సిలర్లు. నిర్ణయాలు లీడర్, క్యాబినెట్‌వి. మేయర్‌ది గౌరవ పదవి. చెత్త, బడులు, ఇంటి ప్లాన్ల అనుమతి కౌన్సిల్ చూస్తుంది. కౌన్సిల్ ట్యాక్స్ (ఇంటిపై స్థానిక పన్ను) బ్యాండ్‌కి, అంటే పన్ను స్థాయికి, ఆధారం 1991 ఏప్రిల్ 1 నాటి ఇంటి విలువ. ఇంట్లో 18 ఏళ్లు నిండినవాళ్లు ఒక్కరే ఉంటే 25 శాతం తగ్గింపు వస్తుంది, కానీ అడిగితేనే.

మనవాళ్లు చాలామంది వదిలేసుకునే హక్కు ఓటు. భారత్ కామన్వెల్త్ దేశం కాబట్టి, చెల్లే వీసాతో అక్కడ ఉంటున్న భారత పౌరులు కూడా ఓటేయొచ్చు. పోలింగ్‌కి 12 పనిదినాల ముందే నమోదు కావాలి. బూత్‌లో ఫోటో గుర్తింపు తప్పనిసరి. భారత పాస్‌పోర్టు చెల్లుతుంది. చిక్కొచ్చేది ఇంటిపేరు దగ్గరే: ఓటర్ల జాబితాలో ఇంటిపేరు మొదటి అక్షరమే, పాస్‌పోర్టులో పూర్తి పేరు ఉంటే అభ్యంతరం రావచ్చు. అందుకే నమోదులోనే పాస్‌పోర్టులో ఉన్నట్టు రాయండి.